మంచు కాగితానికి ఎడమ అంచు

ఆయన పోయిన మూడో రోజున మీరు ఆయన పేరును కత్తెరతో కోసి రీసైక్లింగ్ డబ్బాలో వేశారు.

మంగళవారం పొద్దున మా మాస్టారు ఆసుపత్రిలో పోయారు. గుండె. నేనప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ మీద ఉన్నాను. సూపర్‌వైజర్ చెయ్యి అడ్డంపెట్టి ఆపమన్నాడు. ముందు సరుకు పేర్చిన పాలెట్ కిందికి దించమన్నాడు. దించాక చెప్పాడు. తెలివైనవాడు, దించకముందే చెప్పుంటే రెండు వందల డబ్బాల ఫ్రోజెన్ బఠాణీ నేలమీద ఉండేది.

మీరు అంటే ఎవరో కూడా చెప్పాలి. పామర్‌స్టన్ నార్త్‌లో మన తెలుగువాళ్ళం శనివారాలు ఒక అద్దె హాల్లో కలుస్తాం. దానికి శనివారం బృందం అని పేరు, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక కార్యదర్శి అంకుల్. ఈ మాటలు ముందు ఆ బృందానికి. ఈ దేశంలో ఇంకోచోట, శాండ్రింగ్‌హామ్‌లోనో జాన్సన్‌విల్‌లోనో కూర్చుని ఈ పత్రిక చదివేవాళ్ళూ వినండి. ఇలాంటి పని చెయ్యడానికి చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, ఒక ఫోనూ ఒక కత్తెరా ఉంటే చాలు.

మాస్టారు మనవాడు కాదు. చైనాలో ఉత్తరాన, ఏడాదికి ఐదు నెలలు మంచు ఉండే ఊళ్ళో బడిపంతులుగా చేసినాయన. పిల్లలకి పాత కవిత్వం చెప్పేవాడు. ఇక్కడికొచ్చాక మా కోల్డ్ స్టోరేజీలో లేబుళ్ళు అంటించేవాడు. అరవై దాటిన మనిషి, మందపాటి కోటు, చెవులమీదకి లాగిన టోపీ. లేబుల్ అంటించాక దానిమీద రెండుసార్లు తట్టేవాడు, పిల్లాడి వీపు తట్టి బడికి పంపినట్టు. జామ్ సీసాలో వేడినీళ్ళు తెచ్చుకునేవాడు. స్మోకోకి, అంటే మా టీ విరామానికి, ఒక మాండరిన్ పండు ఒలిచి తొక్క హీటర్ మీద పెట్టేవాడు. గదంతా వాసన. సగం పండు ఎవరికో ఒకరికి ఇచ్చేవాడు. రెండేళ్ళు ఆ సగం నాదే.

నేను పెద్ద చదువు చదవలేదు. ఒంగోల్లో డిప్లొమా మధ్యలో వదిలేసి ఇక్కడ తేలాను. తెలుగు సరిగ్గా రాయడం కూడా ఇక్కడికొచ్చాకే, పాత పుస్తకాలు తెప్పించుకుని నేర్చుకున్నాను. కాబట్టి నా మాట నున్నగా ఉండదు. ఉండాలని కూడా లేదు.

మొదటి చలికాలం. ఫ్రీజర్ లోపల మైనస్ ఇరవై. గ్లౌజు చిరిగి వేళ్ళు కొయ్యబారి తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. ఈ ముసలాయన వచ్చాడు. తన గ్లౌజు తీసి నాకిచ్చి, తలుపుమీద పేరుకున్న తెల్లటి నూగుమీద వేలితో ఒక అక్షరం గీశాడు. మాది ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. పైభాగం చూపించి వాన అన్నాడు. కిందిభాగం చూపించి చెయ్యి అన్నాడు. రెండూ కలిపితే మంచు అట. చేత్తో పట్టుకోగల వాన.

"పట్టుకుంటే కరిగిపోతుందిగా," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"అందుకే రాసి పంపేవాళ్ళు," అన్నాడు.

ఆ రోజునుంచి చదువు మొదలు. వాడేసిన అట్టపెట్టెల్ని విప్పి, బ్రష్షుని జామ్ సీసా నీళ్ళలో ముంచి అట్టమీద రాసేవాడు. సిరా దండగ అనేవాడు. బయట గదిలో అయితే ఆ రాత కాసేపటికి ఆరిపోతుంది. అలా పోకుండా ఉండాలంటే అట్టని ఫ్రీజర్‌లో పెట్టాలి. నీటిరాత గడ్డకట్టి, లైటు కింద మెరుస్తూ, మళ్ళీ పనిలోకి వెళ్ళినప్పుడు నాకోసం అక్కడే ఉండేది. చికెన్ డబ్బాల వరస చివర, ఎవరికీ కనపడకుండా. నా బడి అదే. అలా రెండువందల అక్షరాలదాకా నేర్చుకున్నాను. సూపర్‌వైజర్ ఒకసారి చూశాడు. పాడైన సరుకా అని అడిగాడు. మాస్టారు చాలా గంభీరంగా, కాదు, చాలా పాత సరుకు, అయినా తేదీ దాటలేదు అన్నాడు.

వాళ్ళ పాత కవిత్వంలో మంచు గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే. వాళ్ళు మంచు చూసి ఆహా ఎంత అందం అని రాయరట. తలుపు తెరుచుకోవడం లేదని రాస్తారు. కట్టెలు తక్కువున్నాయని, కుండలో కాస్త మద్యం మిగిలిందని, నువ్వు రాగలవా అని రాస్తారు. వచ్చే మనిషి ఉంటే అడుగుల గుర్తులు రాస్తారు. ఎవరూ రాకపోతే గుర్తులు లేవని రాస్తారు. తెల్లదనం గురించి రాయక్కర్లేదు, కాగితం వదిలేస్తే అదే చూసుకుంటుంది అనేవాడు. నేను ఒకసారి ఎక్కడో చూసిన కొండల ఫొటో చూపించి బ్యూటిఫుల్ కదా అన్నాను. ఆయన ఆ మాట నోట్లో పడ్డ గింజలా పక్కకి తీసి పెట్టి అన్నది ఇది:

"మంచు గురించి రాయకు. మంచు పడినప్పుడు ఎవరు గుర్తొచ్చారో వాళ్ళకి రాయి."

అందుకే ఆయన దృష్టిలో మంచు కవిత అంటే ఉత్తరం. వాళ్ళ రాత కుడినుంచి ఎడమకి నడుస్తుంది. పెద్ద అక్షరాల కవిత అయిపోయాక ఎడమ అంచున చిన్న అక్షరాలు వస్తాయి. ఎవరికోసం రాశాను, ఏ రోజు, ఏ ఊళ్ళో, ఏం అడుగుతున్నాను, రాసింది ఎవరు. కింద ఎర్రటి ముద్ర. ముద్రలో ఉండేది పేరు. కవిత పాతది, ఎవరైనా రాయొచ్చు. అంచు మాత్రం ఇద్దరిదే. అది అందుకున్నవాళ్ళు కొండమీద మంచు కరిగేలోపు జవాబు రాయాలి. ఆయన పెట్టిన ఒకే ఒక నియమం అది.

ఆయన చిన్ననాటి క్లాసువాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపు ఉండేది. మొదటి మంచు పడిన ఊరివాళ్ళు ఫొటో పెడితే మిగతావాళ్ళు పాత పద్యంలోంచి ఒక లైను జవాబుగా పెట్టాలి. భూమికి ఈ కిందివైపు రుతువులు తలకిందులు, మనకి చలికాలం వచ్చేసరికి వాళ్ళకి మండే ఎండాకాలం. జూలైలో ఈయన మా ఊరిపక్క టారరువా కొండలమీద గాలిమరల వెనక మంచు ఫొటో తీసి పంపితే, వాళ్ళు చెమట తుడుచుకుంటూ, వచ్చాడయ్యా ఐసు బండివాడు, పుచ్చకాయలోకి కాస్త వెయ్యి అని రాసేవాళ్ళు. ఆయన అది నాకు చదివి వినిపించి పక్కలు పట్టుకుని నవ్వేవాడు. పోయినేడాది ఒకరోజు స్మోకోలో ఫోను నా ముందుకు జరిపాడు. ఆయన పెట్టిన కొండ ఫొటో కింద ఎవరిదీ జవాబు లేదు. కొందరు పోయారు. ఉన్నవాళ్ళు రెడీమేడ్ బొమ్మలు పంపుతున్నారు, ఎర్ర గొడుగు పట్టుకుని మంచులో నడిచే అమ్మాయి, మీద పాత కవిత లైను, వెనక పియానో. ఒకే బొమ్మ ముగ్గురు పంపారు.

నాకు ఒళ్ళు మండింది. చెత్త అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వెనకటికి కూడా ఒకే కవితని వంద గోడలమీద రాసుకునేవాళ్ళు, అందులో తప్పేం లేదు అన్నాడు. మాండరిన్ తొక్కని హీటర్ మీద ఇటు తిప్పి అటు తిప్పి, "కానీ అంచున ఎవరికో రాసేవాళ్ళు," అన్నాడు.

ఆ ఏడాది ఆయనకి జవాబు నేను రాశాను. తెలుగులో. రెండు వాక్యాలు. కొండమీద మంచు పడింది. అమ్మకి ఫోన్ చేసి చెబితే స్వెటర్ వేసుకున్నావా అంది. అంతే, కవిత్వం నాకెక్కడొచ్చు. అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. తర్వాత బ్రష్షు ముంచి మన అక్షరాలని చూసి చూసి అట్టమీద దించాడు. అన్నీ మాండరిన్ పండ్లలా ఉన్నాయి అన్నాడు. ఆ అట్టని ఫ్రీజర్‌లోకి తనే మోసుకెళ్ళాడు. అప్పటినుంచి నన్ను లిటిల్ ఫ్రెండ్ అని పిలవడం మానేసి లిటిల్ పోయెట్ అనడం మొదలుపెట్టాడు. ఎగతాళే. అయినా నన్నెవరూ అంత గొప్పగా ఎగతాళి చెయ్యలేదు.

ఇక నా తప్పు. మొదటిది నాదే, దాచను. ఆయన రాసిన ఒక కాగితం ఫొటో తీసి మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గొప్పకి పెట్టాను. మర్నాడు పొద్దున అది గుడ్ మార్నింగ్ అయి తిరిగొచ్చింది. నాలుగు మూలలా గులాబీలు, పైన బృందం లోగో. ఎడమ అంచు లేదు. అంకుల్‌కి ఫోన్ చేస్తే, "ఆ ఎర్రది ఏదో షాపు వాటర్‌మార్క్ అనుకుని తీసేశానమ్మా, ఇప్పుడు చూడు ఎంత క్లీన్‌గా ఉందో," అన్నారు. నాకు ఫ్లాట్ వెతికిపెట్టింది ఆయనే. మొదటి నెలంతా కార్లో పనికి దింపింది ఆయనే. నోరు మూసుకున్నాను. నవ్వే బొమ్మ కూడా పెట్టాను.

అది మాస్టారికి చూపించాను. సరదాకి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్లో బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి, ఎడమవైపుకి జరిపాడు. మళ్ళీ జరిపాడు. అక్కడ గులాబీ తప్ప ఏమీ లేదు. "ఇది ఎవరికి రాశాను?" అని నన్నే అడిగాడు. అది ఆయన పోయిన భార్యకి రాసింది. ఆవిడ వెళ్ళిపోయాక ప్రతి చలికాలం ఒకటి రాస్తాడు. ఆ సంగతి ఆయన చెబితే అప్పుడు తెలిసింది నాకు. జామ్ సీసా కడుక్కుని వెళ్ళి లేబుళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు కూడా సగం పండు నాకిచ్చాడు.

ఈ ఏడు కొండలమీద మొదటి మంచు పడేసరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. కిటికీలోంచి కొండలు కనపడవు, కార్ పార్కు కనిపిస్తుంది. నేనే వెళ్ళి చెప్పాను, గాలిమరల కిందిదాకా దిగింది అని. ఎంతవరకు అని మూడుసార్లు అడిగాడు. తర్వాతి రోజు వెళ్ళేసరికి అన్నం పెట్టే బల్లమీద అసలైన కాగితం, అసలైన సిరా. చెయ్యి వణికిన చోట్ల గీత వణికింది. పెద్ద అక్షరాలు నాలుగు వరసలు. ఎడమ అంచున చిన్న రాత, ముత్యాల్లా, కింద ఎర్రముద్ర. చుట్టి, ప్లాస్టిక్ రేపర్ చుట్టుకొచ్చే అట్ట గొట్టంలో పెట్టి ఇచ్చాడు.

"అంచు నీకు. నేను చదవను, నువ్వే నేర్చుకుని చదువుకో. జవాబు రాయి."

ఫొటో తీసుకుంటానన్నాను. వద్దన్నాడు. ఫొటో తీస్తే చదివేశాననుకుంటావు అన్నాడు.

తియ్యలేదు. అంచులో ఆయన పేరు కాక నాకు మూడు అక్షరాలు తెలిశాయి. మంచు. తలుపు. నువ్వు. మిగతావి పరుగు రాత. నెమ్మదిగా కూడబలుక్కుంటాను, తెలియనివి వచ్చే బుధవారం వెళ్ళినప్పుడు ఆయన్నే అడుగుతాను అనుకున్నాను. బుధవారం. మనిషికి ఎంత ధీమా.

ఆ సోమవారమే అంకుల్ ఫోన్ చేశారు. శనివారం హాల్లో అన్ని భాషల రాతలూ పెడుతున్నాం, మీ చైనా ఆయనది ఒకటి ఇవ్వు అన్నారు. ఆ గులాబీల బొమ్మ నా ఫోన్లో అప్పటికింకా ఉంది. ఈసారి మొత్తం కాగితం, అంచుతో సహా, పేరుతో సహా గోడకెక్కితే ఆ మచ్చ పోతుంది, ఆసుపత్రిలో ఆయనకి చెబితే సంతోషిస్తాడు అనుకున్నాను. అందుకని ఇచ్చాను. ఇచ్చేటప్పుడు చెప్పాను, "అంకుల్, ఎడమ అంచు జాగ్రత్త, ఆయన పేరు అందులోనే ఉంది." నేను చూసుకుంటానమ్మా అన్నారు. మంగళవారం మాస్టారు పోయారు. ఆ సంగతి గ్రూపులో పెట్టాను. నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. బుధవారం పొద్దున ఎవరో, ఏ పాపం తెలియకుండానే, గుడ్ మార్నింగ్ పెట్టారు. అదే. గులాబీల మధ్య ఆయన భార్యకి రాసిన ఉత్తరం.

గురువారం సాయంత్రం అంకుల్ కొన్న ఫ్రేము నాలుగు వేళ్ళు చిన్నదయింది. కత్తెర తీశారు. శుక్రవారం పొద్దున్నే రీసైక్లింగ్ బండి వచ్చి వెళ్ళిపోయింది. శనివారం నేను హాల్లోకి వెళ్ళేసరికి, ఫ్రేములో నాలుగు వరసలు, కింద అచ్చు కాగితం: చైనా మంచు కవిత, సేకరణ శనివారం బృందం.

అంచేది అని అడిగాను. "రాత మొత్తం ఉందిగా తల్లీ. పోయింది బోర్డరే కదా. దానిమీద ఎర్రమచ్చ కూడా ఉండింది, చూట్టానికి బాగాలేదు," అన్నారు. ఎక్కడ పడేశారంటే, డబ్బాలోనే వేశాననుకుంటా, గుర్తులేదు అన్నారు. ఆ వెనకనుంచి ఒక ఆంటీ, పోయినాయన తిరిగొస్తాడా, ఫంక్షన్ పాడు చెయ్యకమ్మా, టీ తాగు అంది. తాగాను. అదే నాకిప్పటికీ సిగ్గు. చేతిలో పెట్టారు, తాగాను.

మాస్టారి కూతురు క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చింది. బుద్ధిమంతురాలు, నర్సు. చిన్నప్పుడే ఇక్కడికొచ్చింది. వాళ్ళ భాష మాట్లాడుతుంది, చదవలేదు. మన పిల్లలు తెలుగు చదవలేనట్టే, వింత ఏముంది. నాన్న నీకేదో రాసిచ్చాడని నర్సులు చెప్పారు అంది. తను నాన్న రాతని ఎప్పుడూ చదవలేదట, బాగుందని చెప్పి గోడకి పెట్టుకునేదట. "నువ్వు చదువుతావని నాన్న చెప్పాడు. నాకు చదివి వినిపిస్తావా?"

గుర్తున్న మూడు మాటలు చెప్పాను. మంచు. తలుపు. నువ్వు. మిగతాది చదవకముందే అంచు కోసేశారని చెప్పాను. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. ఆ మూడు మాటలూ తన భాషలో నెమ్మదిగా ఒకసారి అంది. తలుపు తెరవమన్నాడా, వేసుకోమన్నాడా అని అడిగింది. ఎవరు చెబుతారు ఇప్పుడు? ఆయన నన్ను ఏదో అడిగాడు. జవాబు రాయమన్నాడు. దేనికి రాయాలో నాకు తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదేమో. బహుశా ఏమీ కాకపోవచ్చు, ఫ్రీజర్ తలుపు సరిగ్గా వేసిరా అని ఉండొచ్చు. అదైనా సరే, నాది.

అంకుల్ దుర్మార్గుడని నేను అనను. అంటే నాకే తేలికయిపోతుంది. మంచివాడు, నాలుగు వేళ్ళ కాగితం ఎవరిదో ఆలోచించలేదు, అంతే. మన ఫోన్లలో రోజూ తిరిగేవన్నీ అలా అంచు కోసినవే. ఎవరు ఎవరికి రాశారో లేని మంచు, లేని పువ్వులు, లేని దణ్ణాలు. నేనూ అందులో ఒక చెయ్యి వేశాను. అందుకే కోపం మీమీద ఎంతుందో నామీద అంతుంది. కానీ నా కోపంతో ఆ కాగితం తిరిగి రాదు కాబట్టి, అడగాల్సింది అడుగుతున్నాను.

అంకుల్, ఇంట్లో వెతకండి. కత్తెర ఉన్న సొరుగు, ఫ్రేము వచ్చిన పెట్టె, కారు డిక్కీ, బల్లకింద. మీరు గుర్తులేదన్నారు, ఆ గుర్తులేకపోవడం మీదే నేను బతుకుతున్నాను. దొరక్కపోతే దొరకలేదని, ఎవరి చేత్తో కోశారో, ఎవరు రాసిన కాగితమో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గ్రూపులో రాయండి, ఆయన కూతురు చదవగలిగేట్టు. చేతులు జోడించిన బొమ్మ పెట్టకండి. వాక్యాలు రాయండి. ఫ్రేము కింద అచ్చు కాగితం చించి, ఆయన పేరు పెట్టి, మిగిలిన కాగితం నాకివ్వండి. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. అది ముందు కోసేసిన చోటికే రావాలి, మీ చేత్తోనే రావాలి. అక్షరాలు ఎలా వెయ్యాలో నేను చూపిస్తాను, ఆయన నేర్పినవి నా దగ్గర ఉన్నాయి. చికెన్ డబ్బాల వరస చివర, అట్టమీద, నీళ్ళతో రాసి గడ్డకట్టించి పెట్టాను. తలుపు వేసి ఉన్నంతసేపు ఉంటాయి.

పని దిగి కార్ పార్కులోకి రాగానే రోజూ కొండలవైపు చూస్తున్నాను. పోయిన వారం గాలిమరల కిందిదాకా ఉన్న తెలుపు, నిన్నటికి వాటి మొదళ్ళకి ఎక్కిపోయింది. ఇవాళ ఇంకాస్త పైకి. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి నేను హాలు మెట్లమీద ఉంటాను. అప్పటికి కొండమీద ఏదో ఒక మూల ఇంకా తెల్లగానే ఉంటుంది. ఆలోపు జవాబు చెప్పండి.